నిర్దోషిగా తేలిన బాసుంది

నా సర్వీసు మొత్తంలో ఒకే పూట అంతమందికి సెలైన్ ఎక్కించింది కరువులో కాదు, వరదలో కాదు, ఒక శుభకార్యం రోజున. ప్లాస్టిక్ కుర్చీలకు తెల్ల తువ్వాళ్లు కప్పి, బ్యాండుమేళం పెట్టించి, ఊరంతటినీ పిలిచి భోజనం పెట్టిన రోజున.

మొదటి పోస్టింగు కాగితం పట్టుకుని పల్లెలకు బయల్దేరే మీవంటి కుర్ర డాక్టర్లు ఇంటికొచ్చి, "మేడమ్, మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతుంటారు. ఏ పాముకాటు గురించో, కష్టమైన కాన్పు గురించో చెబుతాననుకుంటారు. అవీ ఉన్నాయి. కానీ నాకు ముందుగా గుర్తొచ్చేది బాసుంది.

అప్పుడు నేను ప్రత్తిపాడు నుంచి కొంచెం లోపలికి ఉన్న ఒక ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుని. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. రోడ్డుకు ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. ఆస్పత్రిలో నాలుగు మంచాలు, నేను, నాకంటే పదేళ్లు పెద్దదైన ఒక స్టాఫ్ నర్సు. మందులు ఎప్పుడొస్తాయో తెలియదు గానీ, ఆవిడ నోటికి మాత్రం కొరత ఉండేది కాదు.

పచ్చపురుగు పత్తిని ఊడ్చిపెట్టిన ఏళ్లు అప్పటికి ఇంకా జనం మనసులో మానలేదు. ఆ ఏళ్లలో పురుగుమందు తాగిన రైతుల్ని ఎడ్లబండ్ల మీద, ట్రాక్టర్ల మీద తెచ్చి మా వరండాలో దించేవారు. కాలేజీలో నేర్చుకున్నదాని కంటే ఎక్కువ వైద్యం ఆ వరండాలోనే నేర్చుకున్నాను. కంటిపాప ఆవగింజంత అయిపోవడం, నోటివెంట నురగ, ఒళ్లంతా నీళ్లు కారినట్టు చెమట, గదంతా కమ్మేసే ఆ వాసన. వాళ్లలో కొందరిని నేను బతికించలేకపోయాను. అందుకే పురుగుమందు తాగిన మనిషిని ఇప్పటికీ గుమ్మంలోంచే పోల్చగలను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

ఆ ఏడు మా రోడ్డు మీద ఒక కోల్డ్ స్టోరేజీ లేచింది. మిరప టిక్కీలు, అంటే బస్తాలు, దాచుకోవడానికి అప్పట్లో అందరూ కడుతున్నారు కాబట్టి, మిరప వ్యాపారంలో బాగా గడించిన ఒక పెద్దమనిషి మా దగ్గరా కట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ ముహూర్తం మీద, తన పరువు మీద ఆయనకున్న శ్రద్ధ మిగతా ప్రపంచం మీద ఉండేది కాదు.

ప్రారంభోత్సవానికి ముందు ఆ ఆవరణంతా ఊడ్చి, కడిగి, ముగ్గులేసింది మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీల ముఠా. ఆ ముఠాకు పెద్ద ఒక నలభై ఏళ్ల మనిషి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుందంటే మైకు అక్కర్లేని గొంతు. రేపటి భోజనాల్లో కూలీలు ఆఖరి బంతిలో, జనరేటరు షెడ్డు వెనక కూర్చోవాలని గుమస్తా చెప్పేసరికి ఆ గొంతు లేచింది.

"మేం ఊడ్చిన నేల మీద మీరు కూకుని తింటారు, మేం మాత్రం జనరేటరు పొగలో తినాలా? మా ఉసురు ఊరకే పోదు. తగులుద్ది, చూడండి!"

చీపుళ్లు పట్టుకున్నవాళ్లు, షామియానా కడుతున్నవాళ్లు, వంటవాళ్లు, అందరూ విన్నారు. అప్పటికి అందరూ నవ్వుకున్నారు కూడా.

మర్నాడు పిలుపు అందుకుని నేనూ వెళ్లాను. స్విచ్ నొక్కాల్సిన నాయకుడు పొద్దున్నే రావాలి. ఎండ నడినెత్తికి వస్తున్నా రాలేదు. ఎర్ర రిబ్బను కట్టిన స్విచ్ బోర్డు ముందు ఒక మనిషిని కాపలా పెట్టారు, ఎవరూ పొరపాటున నొక్కకుండా. యజమాని నన్ను లోపలికి తీసుకెళ్లి గదులన్నీ చూపించాడు. థర్మోకోల్ దట్టించిన గోడలు, అడుగు మందాన తలుపు, కిటికీ అన్నది లేదు. లోపల ఆవిరిపట్టినట్టు ఉంది.

"చూశారా మేడమ్, బయట మాడిపోతుంటే లోపల ఎంత చల్లగా ఉందో!" అన్నాడాయన, కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ.

మూలన మూతలు పెట్టిన పాల క్యాన్లు వరసగా ఉన్నాయి. ఏమిటని అడిగాను.

"బాసుందండీ. నిన్న సాయంత్రం చేయించాం. చెడిపోకుండా ఇక్కడ పెట్టించాను. కోల్డ్ స్టోరేజీ ఉండగా ఇంకెక్కడ పెడతాం?"

"మిషను ఇంకా నడవడం లేదు కదండీ?"

"నాయకుడుగారు నొక్కాలి కదండీ!" అన్నాడు, ఇంత చదివి ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

క్యాను మీద చెయ్యి పెడితే ఇంకా గోరువెచ్చగా తగిలింది. "ఈ పాలు ఎవరికీ పెట్టకండి, పారబోయించండి" అన్నాను. ఆయన నవ్వాడు. "వడ్డించే ముందు మళ్లీ తెర్లేదాకా మరిగిస్తారులెండి. ఏ పురుగైనా చావాల్సిందేగా?" అన్నాడు. చచ్చేది పురుగేనండీ, అని నేను మొదలుపెట్టానో లేదో బయట బ్యాండు మోగింది. నాయకుడి కారు వచ్చింది. నా మాట నాకే వినపడలేదు. ఆయన పరుగెత్తాడు. అదే గడబిడలో ఆస్పత్రి నుంచి కాన్పు కేసు వచ్చిందని కబురొస్తే నేను వెనక్కి వచ్చేశాను. నాయకుడు స్విచ్ నొక్కి, నాలుగు మాటలు మాట్లాడి, ఇంకో ప్రోగ్రాం ఉందని భోజనం చేయకుండా వెళ్లిపోయాడట. ఆ రోజు ఆయన ప్రజలకు చేసింది ఆలస్యం. తనకు తాను చేసుకున్నది మేలు.

ఇక్కడ ఒక్క ముక్క పాఠం చెప్పి ముందుకు వెళ్తాను. గడ్డల్లో, గోరుచుట్టులో చీము పుట్టించే బాక్టీరియా ఒకటుంది. అది చేతి మీంచి పాలల్లో పడి, ఆ పాలు గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే, కోట్లుగా పెరుగుతుంది. పెరగడంతో ఊరుకోదు, ఒక విషాన్ని వదులుతుంది. రుచి మారదు, వాసన రాదు. మళ్లీ మరిగిస్తే బాక్టీరియా చస్తుంది గానీ ఆ విషం మాత్రం చెక్కుచెదరదు. తిన్న కొద్ది గంటల్లోనే కడుపు తిప్పేస్తుంది. మీకు పుస్తకంలో ఇది సగం పేజీ. నాకు ఆ సాయంత్రం మొత్తం.

మొదట యజమాని బావమరిది కారులో వచ్చాడు, తల కిటికీలోంచి బయటకు పెట్టి. తర్వాత వేదిక మీద శాలువాలు కప్పించుకున్న పెద్దలు, అవే శాలువాలతో మూతి తుడుచుకుంటూ వచ్చారు. ఆ వెనక ట్రాక్టర్లు. మంచాలు, బల్లలు, వరండా, చివరికి వేపచెట్టు కింద నేల కూడా నిండిపోయాయి. సెలైన్ సీసాలు కిటికీ ఊచలకు కట్టాం.

"బకెట్లు అయిపోయినై మేడమ్," అంది నర్సు. "ఇళ్ల నుంచి కుడితి తొట్లు తెప్పించమంటారా? ఈళ్ల హోదాకి సరిపోతయ్."

నేను మాత్రం ఒక్కొక్కరి కనురెప్పా ఎత్తి టార్చి వేసి చూస్తున్నాను. ఆ పాత ఏళ్లు కళ్ల ముందు తిరిగాయి. పాపలు మామూలుగా ఉన్నాయి. నురగ లేదు, వాసన లేదు, జ్వరం కూడా లేదు. వాంతులు, కడుపులో మెలిపెట్టడం, నీరసం. పదిమందిని చూశాక గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఒక ముసలాయనకు మాత్రం నాడి అందకుండా పోయింది. ఆయన్ని యజమాని బావమరిది వచ్చిన కారులోనే గుంటూరు పంపాం. రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చాడని తెలిసేదాకా నాకు అన్నం సహించలేదు. మిగతా వాళ్లంతా పొద్దుపోయేసరికి తేరుకుని, ఎవరి వాంతి ఎంత పెద్దదో చెప్పుకునే స్థితికి వచ్చారు.

అప్పుడు వచ్చాడు ఎస్సై. వచ్చీ రాగానే, "మగ డాక్టరెవరూ లేరా?" అన్నాడు.

"ఉన్నదాన్ని నేనే. చెప్పండి."

"కారణం ఏంటి మేడమ్?"

"ఫుడ్ పాయిజనింగ్."

అందులో మొదటి మాట ఆయనకు వినపడలేదు. రెండోది మాత్రం బాగా వినపడింది. "పాయిజనింగ్!" అన్నాడు, కళ్లు మెరుస్తుండగా. పక్కనే యజమాని సెలైన్ పెట్టించుకుని పడుకున్నాడు. ఇంత జరిగినా ఆయన దిగులంతా ఒక్కటే. తన కోల్డ్ స్టోరేజీ అచ్చిరాలేదని ఊరు అనుకుంటుందేమోనని. ఎవరో కావాలని చేశారంటే ఆ దిగులు తీరిపోతుంది. ఆయన పడుకునే అన్నాడు, "నిన్న ఒకామె మా గుమస్తాని శాపనార్థాలు పెట్టిందండీ."

ఆ తర్వాత దర్యాప్తు పరుగులు తీసింది. జనరేటరు షెడ్డు వెనక పురుగుమందు ఖాళీ డబ్బా దొరికింది. పత్తిచేల మధ్య పురుగుమందు డబ్బా దొరకడం చీరాలలో మగ్గం దొరకడంలాంటిది. ఎక్కడ చూస్తే అక్కడే ఉంటుంది. కానీ ఎస్సై దాన్ని గుడ్డలో చుట్టి, వజ్రం దొరికినట్టు పట్టుకెళ్లాడు. ఇంకో పెద్ద సాక్ష్యం ఏమిటంటే, ఆడకూలీల్లో ఒక్కరికీ వాంతి కాలేదు. ఊరంతా పడిపోతే వీళ్లెలా బాగున్నారు?

మర్నాటి నుంచి ముఠా పెద్దను స్టేషన్‌కు పిలిపించడం మొదలుపెట్టారు. పొద్దున్నే వెళ్లి బల్ల మీద కూర్చోవాలి. సాయంత్రం ఇంటికి పంపేవారు. మళ్లీ మర్నాడు పొద్దున్నే.

నేను స్టేషన్‌కు వెళ్లాను. ఆవిడ గోడవారగా కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోతే కానిస్టేబులు కూర్చోమన్నాడు.

"ఇది పురుగుమందు కాదు. ఒక్కొక్కరి కళ్లు చూశాను," అన్నాను ఎస్సైతో. "బాసుంది తిన్నవాళ్లకే వచ్చింది. షుగర్ జబ్బుందని బాసుంది ముట్టనివాళ్లంతా శుభ్రంగా ఉన్నారు. మీరే వాకబు చేయండి."

"మరి కూలోళ్లకు రాలేదేం? వాళ్లకీ షుగరేనా?"

"వాళ్లకు బాసుంది పెట్టలేదు."

గోడవార నుంచి ఆవిడ అందుకుంది. "అదేగా నేను పొద్దుటి నించీ మొత్తుకునేది! అన్నం, సాంబారు, వంకాయ కూర. అంతే. బాసుంది అన్నమాట ఇక్కడికొచ్చాకే విన్నా."

ఎస్సై వెంటనే యజమానికి ఫోను చేశాడు. ఆయన జవాబు గదిలో అందరికీ వినపడేంత గట్టిగా వచ్చింది. "మా ఇంట అట్టాంటి తేడాలు లేవండీ. పెద్దా చిన్నా లేకుండా అందరికీ సమానంగా వడ్డించాం!"

చూశారా? కూలీలకు స్వీటు పెట్టలేదని ఒక్క మాట ఒప్పుకుంటే ఆ మనిషి బయటపడుతుంది. కానీ ఒప్పుకుంటే ఆయన పరువు పోతుంది. ఒక క్యాను మిగిలిపోయినా జనరేటరు వెనక్కి ఒక గరిటె పంపని మనిషి, ఊరికంతటికీ సమానంగా పెట్టిన దాత అయిపోయాడు. పెట్టని బాసుంది ఆవిడ మెడకు చుట్టుకుంది.

"తిని కూడా ఆళ్లకేం కాలేదంటే, ముందే తెలుసన్నమాటేగా?" అన్నాడు ఎస్సై. ఆ తర్కానికి నా దగ్గర మందు లేదు.

రెండు రోజులకు వంట మాస్టరు ఆస్పత్రికి వచ్చాడు. కుడి బొటనవేలికి పసుపు పూసిన గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. విప్పితే గోరుచుట్టు. చీము పట్టి నిగనిగలాడుతోంది.

"ఎప్పట్నించి?"

"పెళ్లిళ్ల సీజన్ నించీ ఉందమ్మా. తగ్గుద్ది, మళ్లా వచ్చుద్ది."

"బాసుంది ఎలా చేశావు?"

"పాలు బాగా మరగకాచి, ఆరాక కోవా నలిపి కలుపుతామమ్మా. చెయ్యి పెట్టందే ఉండలు కరగవు." నా మొహం చూసి కంగారుపడ్డాడు. "ఉత్త చెయ్యి కాదు. ఈ గుడ్డ కట్టుకునే నలిపా."

"నువ్వు తిన్నావా?"

"నేను వండింది నేను తిననమ్మా. ఆ వాసనకే కడుపు నిండిపోద్ది." విప్పిన గుడ్డ మడతపెడుతూ, "నన్ను లోపలేస్తారా?" అన్నాడు.

"నువ్వు కావాలని చేసిందేం కాదు. ఆ మాట నేనే చెబుతాను. ఇది మానేదాకా మాత్రం వంటింట్లో అడుగుపెట్టకు." కట్టు కడుతుంటే ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, నొప్పికో భయానికో తెలియదు.

ఇప్పుడు నా చేతిలో కథంతా ఉంది. పుండు ఉన్న వేలు ఉంది. వెచ్చటి గది ఉంది. తిన్నవాళ్లు, తిననివాళ్లు ఉన్నారు. పెద్ద డాక్టరునైపోయాననుకుని, మిగిలిపోయిన క్యానుకు సీలు వేసి నమూనా తీసుకెళ్లిన ఫుడ్ ఇన్‌స్పెక్టరు రిపోర్టు కోసం ఎదురుచూశాను. రిపోర్టు వచ్చింది. 'హానికర సూక్ష్మజీవులు ఏవీ కనబడలేదు.'

రావాల్సింది అదే. మళ్లీ మరిగించారుగా, సూక్ష్మజీవి ఎక్కడుంటుంది? వాళ్లు వెతికింది బాక్టీరియా కోసం. విషాన్ని పట్టే పరీక్ష అప్పట్లో మా దరిదాపుల్లో లేదు. అడిగిన ప్రశ్నకు వాళ్లు సరైన జవాబే చెప్పారు. కానీ యజమాని ఆ కాగితాన్ని జిరాక్సులు తీయించి ఊళ్లో పంచాడు. బాసుంది నిర్దోషి. ఇక మిగిలింది పెద్దల బంతి కూరల్లో కలిపారంటున్న పురుగుమందు, ముఠా పెద్ద.

ఆ పాటికి ఆవిడ ముఠా చెదిరిపోయింది. ఆవిడతో ట్రాక్టరు ఎక్కితే తమనూ స్టేషన్‌కు పిలుస్తారని ఆడవాళ్లు భయపడ్డారు. కల్లాల యజమానులు ఆవిడకు కబురు పెట్టడం మానేశారు. ఒక మిరప రైతు భార్యయితే, ఆవిడ పలకరించబోతే కుండ మీద మూత వేసుకుందట.

చివరికి విచారణ రోజు వచ్చింది. ఆర్డీవో గారు కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదిలోనే కూర్చున్నారు. ఒక పక్క యజమాని, ఎస్సై. ఒక పక్క నేను. దూరంగా మూలన, కానిస్టేబులు పక్కన, నేల మీద ముఠా పెద్ద. ఆర్డీవో నెమ్మదైన మనిషి. నేను చెప్పినదంతా తల ఊపుతూ విన్నారు. విన్నాక రిపోర్టు తీసి నా ముందు పెట్టారు.

"మరి ఇందులో ఏం లేదంటున్నారు కదా మేడమ్?"

"బాక్టీరియా లేదన్నారండీ, విషం లేదనలేదు. చచ్చిన పురుగు వదిలిన విషం పాలల్లోనే ఉంటుంది."

"పురుగు లేదంట, దాని విషం ఉందంట!" అన్నాడు ఎస్సై. "రేపు మేం కూడా దొంగ లేడు గానీ దొంగతనం ఉందంటే ఊరుకుంటారా?" అందరూ నవ్వారు. ఆర్డీవో కూడా మీసాల చాటున నవ్వుకున్నారు.

ఆ నవ్వు యజమానికి ఊపునిచ్చింది. లేచి నిలబడ్డాడు. "ఇంత మాటెందుకు సార్? మా బాసుంది మీద పడిన నింద నేనే పోగొడతా. సీలు వేసిన క్యాను చలి గదిలో ఉంది. రిపోర్టు వచ్చిందిగా, సీలు తీయించండి. మీ ఎదురుగా తింటా."

"వద్దు," అన్నాను. "అది ఇప్పటికీ విషమే. చల్లగా ఉన్నంత మాత్రాన పోదు. దయచేసి తినకండి."

"మేడమ్‌కి నా మీద కన్నా ఆ పురుగు మీద నమ్మకం ఎక్కువ," అన్నాడాయన.

సీలు తీశారు. గాజు కప్పుల్లో పోసి పట్టుకొచ్చారు. పైన జీడిపప్పు కూడా వేశారు. ఆర్డీవో చెయ్యి అడ్డం పెట్టి, "నాకు షుగరండీ" అన్నారు. ఒక మనిషికి జబ్బు ఉందని విని నేను సంతోషించింది జీవితంలో అదొక్కసారే. యజమాని ఒక కప్పు ఖాళీ చేసి, ఇంకోటి తీసుకుని, ఎస్సై వైపు చూశాడు. ఎస్సై కప్పు అందుకోకపోతే పురుగుమందు కథ మీద ఆయనకే నమ్మకం లేదన్నట్టు అవుతుంది. నేను లేచి ఎస్సై చేతిలోని కప్పు పట్టుకోబోయాను. ఆయన పక్కకు తిప్పుకుని, చెంచాతో కాదు, ఎత్తి తాగేశాడు.

"బాగుంది సార్. ఫస్ట్ క్లాస్."

నేను బయటకు వచ్చి ఆర్డీవోగారి జీపు డ్రైవరును పిలిచి, ఆస్పత్రికి వెళ్లి నర్సుతో రెండు మంచాలు ఖాళీ చేసి ఉంచమని చెప్పమన్నాను. తర్వాత వచ్చి కూర్చున్నాను.

విచారణ సాగింది. గుమస్తా శాపనార్థాల గురించి చెప్పాడు. షామియానా మనిషి చెప్పాడు. టీలు వచ్చాయి. తర్వాత ఎస్సై లేచి, డబ్బా ఎక్కడ దొరికిందీ, ఎవరు ఎటు నుంచి వెళ్లి ఉంటారూ ఒక బొమ్మ గీసి వివరించడం మొదలుపెట్టాడు. మంచి వక్త. మధ్యలో ఒకసారి ఆగి నీళ్లు తాగాడు. ఇంకోసారి ఆగి నుదురు తుడుచుకున్నాడు. "ఆ తర్వాత ముద్దాయి ఈ వైపు నుంచి…" అని వేలు పెట్టి చూపిస్తూ ఆగిపోయాడు. టోపీ తీసి నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మం దాటాడు. గుమ్మం దాటాక టోపీ సరిపోలేదు.

యజమాని ధైర్యంగానే కూర్చున్నాడు. "ఎండండీ, ఆయనకి ఎండ దెబ్బ…" అంటూనే రెండు చేతులతో కడుపు పట్టుకున్నాడు. ఆయన రెండు కప్పులు తాగాడు మరి.

బయట నుంచి వచ్చే చప్పుళ్లు తప్ప ఏమీ వినపడటం లేదు. అప్పుడు మూలన నేల మీంచి ముఠా పెద్ద లేచి నిలబడింది. రెండు చేతులూ చాపి ఆర్డీవోకు చూపించింది.

"అయ్యా, పొద్దుటి నించీ నన్ను ఈ మూలనే కూకోబెట్టారు. పక్కన పోలీసు ఉన్నాడు. ఇయ్యాళ నేనేం కలిపానో కాస్త కనుక్కుని చెప్పండి."

ఆర్డీవో ఆమె చేతుల వైపు చాలాసేపు చూశారు. తర్వాత కానిస్టేబులుతో, "ఆమెను ఇంటికి పంపించవయ్యా" అన్నారు.

మా నర్సు మంచాలు సిద్ధంగా ఉంచింది. ఎస్సైకి సూది గుచ్చుతూ, "మగ డాక్టరు లేరండీ, సర్దుకోండి" అంది. సాయంత్రానికి ఇద్దరూ కోలుకున్నారు. ఎస్సై వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగి, "పాయిజనే మేడమ్, నేనన్నది తప్పు కాదు" అన్నాడు. అవునన్నాను. ఆ మాత్రం ఆయనకు మిగలనివ్వాలనిపించింది.

ఇక్కడితో న్యాయం జరిగిందనుకుంటున్నారా? విచారణ నివేదిక వచ్చింది. అందులో వంట మాస్టరు వేలు లేదు, అది మంచిదే. నడవని మిషను లేదు. ఎందుకంటే అది రాస్తే ఎందుకు నడవలేదో రాయాలి, అది రాస్తే నాయకుడు ఎంత ఆలస్యంగా వచ్చాడో రాయాలి. అందువల్ల భోజన పదార్థాలలో బల్లి పడి ఉండవచ్చునని రాశారు. ఆ బల్లిని ఎవరూ చూడలేదు. చూడాల్సిన అవసరమూ లేదు. బల్లికి పార్టీ లేదు, కులం లేదు, పరువు లేదు, దాని తరపున ధర్నాకు వచ్చే బంధువులు లేరు. మీరు పేపర్లో ఎక్కడైనా 'బల్లి పడిన ఆహారం తిని అస్వస్థత' అని చదివితే, ఆ బల్లి వెనక ఎవరు నిలబడి ఉన్నారో ఒకసారి తొంగిచూడండి.

నివేదిక సంగతి తెలిసి ముఠా పెద్ద నా దగ్గరకు వచ్చింది. తన తప్పేం లేదని స్టేషన్ నుంచి ఒక కాయితం ఇప్పించమంది. ఇద్దరం కలిసి వెళ్లాం. ఎస్సై ఈసారి కుర్చీ వేయించాడు. కానీ కాయితం మాత్రం కుదరదన్నాడు.

"ఆమె మీద కేసే పెట్టలేదు కదా మేడమ్. కేసు లేనప్పుడు నిర్దోషి అని ఎట్లా రాసిస్తాం?"

"మరి అన్ని రోజులు ఈ బల్ల మీద ఎందుకు కూర్చోబెట్టారు?"

"మాట్లాడదామని పిలిచాం. అంతే."

బాసుందికి నిర్దోషి అని కాయితం ఉంది. మనిషికి లేదు. బయటకొచ్చాక ఆవిడను ఓదార్చడానికి మాటలు వెతుక్కుంటున్నాను. ఆవిడ మెట్ల మీద కూర్చుని, పైట చెంగుతో మొహం తుడుచుకుని, లేచింది.

"కాయితం లేకపోతే మానె. మా చర్చిలో మైకుంది. ఆదివారం వచ్చి మీరే చెప్పండి డాక్టరమ్మా."

"నేనెప్పుడూ చర్చిలో మాట్లాడలేదు."

"వాక్యం చెప్పమంట్లా. జరిగింది చెప్పండి."

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరుగారు మైకు నా చేతికిచ్చారు. చాపల మీద ఒక వైపు ఆడవాళ్లు, ఒక వైపు మగవాళ్లు. గోరుచుట్టు గురించి, వెచ్చటి గది గురించి, మరిగించినా పోని విషం గురించి వచ్చినట్టు చెప్పాను. ఎవరి పేరూ ఎత్తలేదు. అందరికీ అన్ని పేర్లూ తెలుసు. చివర, ఈ మనిషి ఏమీ చేయలేదు, ఇది డాక్టరుగా నా మాట, అని ముగించాను.

ముందు వరసలో ఒక ముసలామె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని అడిగింది.

"అయితే అమ్మా, మాకు ఆ స్వీటు పెట్టకపోబట్టే మేం బాగున్నామా?"

"అవునమ్మా."

"అయితే ఆ మారాజు మాకు మేలు చేసినట్టేగా! పాస్టరుగారూ, ఆయనకి ఒక వందనం చెప్పండయ్యా."

చర్చి ఘొల్లుమంది. పాస్టరుగారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేనూ నవ్వాను. ముఠా పెద్ద మాత్రం నవ్వలేదు. లేచి నిలబడింది. మైకు వైపు కూడా చూడలేదు.

"నవ్వింది చాలు. డాక్టరమ్మ చెప్పింది విన్నారుగా. రేపు పొద్దున ట్రాక్టరు మాట్లాడా. తొడిమలు తీసే పని ఉంది. ఎవరెవరు ఎక్కుతారో చేతులెత్తండి."

మొదట చెయ్యెత్తింది ఆ ముసలామే. ట్రాక్టరు ఎక్కే ఓపిక ఆమెకు లేదని అందరికీ తెలుసు. తర్వాత వెనక నుంచి ఒక చెయ్యి, కిటికీ పక్క నుంచి రెండు. ముఠా పెద్ద లేచిన చేతుల వైపు చూడలేదు. లేవని వాళ్ల మొహాల వైపు, ఒక్కొక్కరి వైపు, తొందరపడకుండా చూసుకుంటూ వెళ్లింది. ఆ చూపు చేరినచోటల్లా చెయ్యి లేచింది.